మిగులు కట్టె

పత్తి కట్టె మీద వంట చేసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అది ఎంత తొందరగా అంటుకుంటుందో అంత తొందరగా ఆరిపోతుంది. తుమ్మ మొద్దయితే ఒకసారి పొయ్యిలో పెట్టి పిల్లల తలలు దువ్వి రావచ్చు, బర్రెకు కుడితి పెట్టి రావచ్చు. పత్తి కట్టె అట్లా లేవనివ్వదు. పక్కనే కూర్చుని పుల్ల తర్వాత పుల్ల తోస్తూనే ఉండాలి. లేచామా, సంగటి సగం ఉడికి ఊరుకుంటుంది, ఆ పూటంతా మాటలు పడాలి. పెళ్ళయి ఈ ఊరొచ్చిన పదేళ్ళలో నేను ఎక్కువసేపు కూర్చున్న చోటు ఏదంటే ఆ పొయ్యి ముందే. అందుకే మా ఆయన కాగితాలన్నీ అక్కడే రాసిపెట్టాను. ఎడమ చేత్తో పుల్లలు తోస్తూ, కుడి చేత్తో రాస్తూ. కొన్ని కాగితాల అంచులు కాస్త పొగచూరి ఉండేవి. "ఏందిది, బ్యాంకుకు ఇచ్చే కాగితం గదా" అని ఆయన విసుక్కునేవాడు. మళ్ళీ రాసిచ్చేదాన్ని.

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు మీద ఉంది. నల్లరేగడి నేల, పత్తి, కాలువ కింద వరి. మా ఆయన శ్రీనివాసులుకు ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి. నేను నంద్యాలలో బీఎస్సీ చదివాను, ఫిజిక్సు. పెళ్ళిచూపుల్లో మా అత్త సరస్వతమ్మ నా చదువు గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే. "చేతిరాత బాగుంటాదా?" నాకు అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది, ఆమె తెలియక అడిగిన ప్రశ్న కాదు. కంపెనీలకు ఉత్తరాలు, బ్యాంకు అర్జీలు, సబ్సిడీ ఫారాలు, అన్నీ నేను రాసేదాన్ని, కింద ఆయన సంతకం పెట్టేవాడు. "మా వాణి చెయ్యి ముత్యాలు పేర్చినట్ల ఉంటాది" అని వచ్చినవాళ్ళతో అనేవాడు. చెయ్యి వరకే మెచ్చుకునేవాడు.

రెండువేల ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు మా ఊరి బడి పంతులు సంజీవయ్య సారు వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని అత్తను అడుగుతున్నాడు. నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను.

"కోడలు ఏం పని చేస్తాదమ్మా?"

"ఏం చేస్తాది సారూ. ఏమీ చెయ్యదు. ఇంట్లోనే ఉంటాది."

ఆయన రాసుకున్నాడు. అత్త మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆమె గురించి అడిగినా ఆమె అదే మాట చెప్పేది. నలభై ఏళ్ళు అదే పొయ్యి ముందు కూర్చుని, పొగకు కళ్ళు పుసులు కట్టిన మనిషి.

అదే నెలలో మా ఆయన ఒక కొత్త ఫారం తెచ్చాడు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆళ్లగడ్డ రోడ్డు పక్కన కరెంటు ఫ్యాక్టరీ పెడుతుందట. బొగ్గుతో కాదు, పొలాల్లో మిగిలే పత్తి కట్టె, మిరప కట్టె, వరిపొట్టుతో. చదివి నేను చాలా సంతోషపడ్డాను, దాచుకోను. కాలేజీ వదిలాక నా చదువుకు తగిన మాట మా ఇంట్లోకి వచ్చింది అదే మొదలు. భూమి లోపల కోట్ల ఏళ్ళు పడి ఉన్న బొగ్గును తీసి కాలిస్తే ఆ పొగంతా కొత్తగా ఆకాశంలో చేరుతుంది. పత్తి కట్టె కాలిస్తే పోయిన ఏడాది గాలిలోంచి చెట్టు తాగిందే తిరిగి గాలిలోకి పోతుంది, వచ్చే ఏడాది పైరు మళ్ళీ తాగుతుంది. ఆ ఇంగ్లీషు రాత మా ఆయనకు తెలుగులో విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "అది సరేలే. ఈడ లోకల్ పార్ట్‌నర్ కావాలంటాండారు, కట్టె తోలేదానికి. అది మనకు రావల్ల. పదైదు ఊర్లలో ఎంత కట్టె మిగులుతాదో చూపించిన వాళ్ళకే ఇస్తారంట" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు పోయి కనుక్కోరాదా. నేను పోతే ఆడోళ్ళు చెప్పరు" అన్నాడు.

పన్నెండు రోజులు తిరిగాను. పొద్దున్నే సంగటి చేసి, అందరికీ పెట్టి, నోటుబుక్కు పట్టుకుని బయలుదేరేదాన్ని. మధ్యాహ్నానికి బర్రెకు నీళ్ళు పెట్టే వేళకు వచ్చేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది కానీ ఆ పన్నెండు రోజులు నా పెళ్ళి తర్వాత నేను బతికిన మంచి రోజులు. ఎవరి భార్యనో చెప్పకముందే నా చేతిలో పుస్తకం చూసి జనం మంచం వాల్చేవాళ్ళు.

మా ప్రాంతంలో ఒక మాట ఉంది, ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పత్తి తీసినోళ్ళదే కట్టె. చివరి విడత పత్తి తీయడం అయిపోయాక, ఆ చేలో కూలికి పనిచేసిన ఆడవాళ్ళే కట్టె పీక్కుని మోపులు కట్టుకుని పోతారు. రైతుకు చేను శుభ్రమవుతుంది, వాళ్ళకు వానల దాకా పొయ్యికి దిగులుండదు. మా చేలో పాతికేళ్ళుగా పత్తి తీసేది ఏసమ్మ. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది, నన్ను అమ్మా అనే పిలుస్తుంది. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగాను. ఆ సంగతి మా ఇంట్లో చెప్పలేదు.

"ఏడాదికి ఎన్ని మోపులు వస్తాయి ఏసమ్మా మీ ఇంటికి?"

ఏసమ్మ తన కూతురు లూదియా వైపు చూసింది. లూదియా ఏమో గొణిగింది. "నలభై రాసుకోమ్మా" అంది ఏసమ్మ. రాసుకున్నాను. పదిహేను ఊళ్ళలోనూ ఆడవాళ్ళు అట్లాగే వెనకాముందాడకుండా చెప్పారు. నన్ను చూసి నమ్మి చెప్తున్నారని మురిసిపోయాను.

ఫారంలో మూడు గడులు ఉన్నాయి. పశువుల మేతకు పోయేది, అమ్ముకునేది, మిగులు. పొయ్యికి గడి లేదు. ఆ సాయంత్రం మా ఆయన భోంచేస్తుంటే అడిగాను, పొయ్యిలో కాలే కట్టె ఎక్కడ రాయాలని.

"వాళ్ళు దుడ్లిచ్చి కొంటాండారా?"

"లేదు. పత్తి తీసినోళ్ళది గదా, ఊరికే తీసుకుపోతారు."

"అట్లయితే అమ్మకం గాదు. మేత గాదు. ఇంగ మిగిలేది ఏముండాది? మిగులు కిందే రాయి."

నాకు తెలుసు. ఆ కట్టె మిగులు కాదని నాకంటే బాగా ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళెవరికీ తెలియదు. ఆ మాట అనుకుంటున్నప్పుడు నా ముందు మండుతున్నదీ అదే కట్టె. గడి పక్కన చిన్న గీత గీసి పొయ్యి అని రాద్దామా అనుకున్నాను. పట్టిక చూడటానికి బాగుండదనిపించింది. అంతకంటే, ఆయన ఇంకోసారి "నీకేం తెలుసు" అంటే పన్నెండు రోజుల సంతోషం పోతుందని భయమేసింది. రాశాను. నంద్యాలలో టైపు చేయించి, అట్ట మీద "సర్వే చేసినవారు: శ్రీనివాసులు" అని వేయించుకొచ్చాడు ఆయన. ఆ అట్ట చూసి నాకు బాధ కలిగిందా అంటే, లేదు. గర్వపడ్డాను.

రెండేళ్ళకు ఫ్యాక్టరీ లేచింది. మాకే కాంట్రాక్టు వచ్చింది. ప్రారంభం రోజు కంపెనీ పెద్దాయన మైకులో, "కంపెనీ, బ్యాంకు, సర్కారు, రైతు, నలుగురం భాగస్వాములం" అన్నాడు. చప్పట్లు కొట్టాను. ఆ ఏడాది చివరి విడత పత్తి అయిన మూడో రోజు పొద్దున ఏసమ్మ తాడు భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"చేలో కట్టె లేదమ్మా. యాడికి పాయె?"

నేను నోరు తెరవకముందే మా ఆయన చెప్పాడు. "ట్రాక్టరు వచ్చి పీకిచ్చుకోని పోయినాది ఏసమ్మా. ఇంగ కట్టెకు విలువొచ్చింది. ఊరికే ఇయ్యరు."

ఆమె తాడు చుట్టలు చుట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పూట మా అత్త అన్నం ముందు కూర్చుని, "పత్తి తీసినోళ్ళ కట్టె మనం తీస్కుంటే మంచిది గాదప్పా" అంది కొడుకుతో. మా అత్త నోట అట్లాంటి మాట వస్తుందని నేననుకోలేదు. "నువ్వు తిను మా" అన్నాడు ఆయన. నెల తిరక్కుండా మా ఇంటికి గ్యాసు పొయ్యి తెచ్చాడు. నేను దాని ముందు నిలబడి వంట చేయడం నేర్చుకున్నాను. అన్నం ఉడికేలోపు ఇల్లు ఊడ్చి రావచ్చు. మొదటి వారం అంతా పుల్ల తోయడానికి ఎడమ చెయ్యి కిందికి పోతూనే ఉండేది.

ఫ్యాక్టరీ ఆకలి పట్టికలో రాసిన కట్టెతో తీరుతుందనుకున్నారు. తీరలేదు. చేలలో అంత కట్టె లేదు. ఎందుకు లేదో ఎవరికీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. దాంతో కాలువ గట్టు మీది సర్కారు తుమ్మ కూడా నరికి తోలడం మొదలుపెట్టారు. పత్తి కట్టె పోయాక ఏసమ్మవాళ్ళ పేటలోని ఆడవాళ్ళు పొయ్యికి తెచ్చుకునేది ఆ తుమ్మే. గట్టు అంచున చేతికందేదంతా యంత్రం నరికేస్తే, వాళ్ళు గుబురు లోపలికి దూరాల్సి వచ్చింది. రెండువేల నాలుగు ఎండాకాలంలో ఏసమ్మ లోపలి కొమ్మ ఒకటి లాగుతుంటే అది విడిపించుకుని వెనక్కి కొట్టింది. ముల్లు ఎడమ కంట్లో దిగింది. నంద్యాల ఆసుపత్రికి పోయేసరికి మూడు రోజులైంది. నేను చూడబోతే గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "ఒక కన్ను చాల్లేమ్మా పత్తి తీసేకి" అంది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. ఆ చెయ్యి వీపు మీద ఉన్నంతసేపూ, మిగులు అని రాసింది నేనేననే మాట నా లోపల తిరుగుతూనే ఉంది.

మరుసటి ఏడాది కంపెనీవాళ్ళు కొత్త కబురు తెచ్చారు. బొగ్గు కాల్చకుండా కరెంటు తీస్తున్నందుకు పై దేశాలవాళ్ళు సాయం చేస్తారట, రెండో ఫ్యాక్టరీ కూడా కట్టొచ్చట. కానీ ముందు ఒక మనిషిని పంపి చూస్తారట. ఈ కట్టె నిజంగా మిగిలిపోయేదేనా, ఎవరి పొయ్యి కిందనుంచైనా లాక్కున్నారా అని. అంత దూరాన కూర్చున్నవాళ్ళకు ఆ ప్రశ్న తట్టింది. పొయ్యి ముందే కూర్చున్న నేను దాన్ని గడి లేదని వదిలేశాను.

"పాత పట్టికే. తేదీ మార్చి తిరగ రాయి, చాలు" అని మా ఆయన కాగితాలు నా ముందు పెట్టి అంగడికి పోయాడు. "మీటింగుకు నువ్వు గూడ రావల్ల. ఫోటోలో ఆడోళ్ళు ఉండాలంట. పట్టుచీర కట్టుకో."

ఆ మధ్యాహ్నమే ఏసమ్మ వచ్చింది. చేతిలో బడిపిల్లల నోటుబుక్కులోంచి చింపిన తెల్లకాగితం.

"ఆళ్లగడ్డలో ఎవరో వస్తాండారంట గదా. అర్జీ రాసియ్యమ్మా. నీ మొగుని మీద రాయమంటాండానని ఏమనుకోవద్దు. నువ్వు మంచిదానివని అడుగుతాండా."

పట్టిక పక్కకు జరిపి, అదే పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. ఆమె చెప్తూ పోయింది. "మా కట్టె మిగులని కాగితంలో రాసినారంట. మిగులు గాదు. మేము పత్తి తీసినందుకు మాకొచ్చేది. శ్రీనివాసులప్ప మా ఇండ్లకాడికి రాలే. మమ్మల్ని ఒక్క మాట అడగలే. ఇంట్లో నీడన కూచోని ఇష్టమొచ్చినట్ల రాసుకున్న్యాడు."

అక్కడ నా చెయ్యి ఆగింది.

"ఏమ్మా, బేగా రాయి. మళ్ళా నేను ఏలిముద్ర ఎయ్యల్ల."

"ఏసమ్మా, ఈ మాట అబద్ధం" అన్నాను. "అడగలేదు అనేది. అడిగింది నేను. నీ అరుగు మీద కూచోని, నువ్విచ్చిన టీ తాగి అడిగినా. నువ్వు నలభై మోపులన్నావు. దాన్ని మిగులు అని రాసింది నేనే. ఆయన సంతకం పెట్టినాడు, అంతే."

ఏసమ్మ తలను కొంచెం పక్కకు తిప్పి, మిగిలిన కన్నుతో నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నలభై గాదమ్మా" అంది చివరికి.

"ఏంది?"

"మా ఇంటికి ఇరవై ఐదుకు పైన ఎప్పుడూ రాలే. నువ్వు పుస్తకం పట్టుకోని వస్తే, పొగ రాని పొయ్యిలు ఇచ్చేకి రాస్తాండావు అనుకొంటిమి. ఎక్కువ కాలుస్తామంటే ముందు మాకే ఇస్తారని లూదియా చెప్పె. నలభై అంటి. అందరూ అట్లనే చెప్పిరి." ఆమె మాట మెల్లబడింది. "అంటే లేని కట్టె ఉండాదని చెప్పింది మేమే. అది దొరక్కనే గదా వాళ్ళు తుమ్మకొచ్చింది. నా నోరే నా కన్ను తీసిందన్నమాట."

"కాదు ఏసమ్మా."

"పోనీలేమ్మా. ఇంగ రాయొద్దు." లేచింది. వేలిముద్ర వేయని అర్జీ అక్కడే వదిలేసి, గడప దగ్గర చెయ్యి గోడకు ఆనించుకుని మెట్టు వెతుక్కుంటూ దిగింది. ఎడమ వైపు ఆమెకు మెట్టు కనపడదు. పట్టుకోబోయాను. "వద్దులే" అంది.

ఆ సాయంత్రం నేను గ్యాసు అంటించలేదు. తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. మోసపోయిన మనిషి నా కళ్ళ ముందే తప్పంతా తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోయింది. మనకు అది ఎంత అలవాటు. కూరలో ఉప్పు తక్కువైతే నా తప్పు, పిల్లవాడికి జ్వరమొస్తే నా తప్పు, ఆయన అంగడిలో బేరం చెడితే నా మొహం చూసి పోయినందుకు. ఇన్నేళ్ళు ఎవరెవరి తప్పులో మోశాను. నాదైన తప్పు ఒక్కటి ఉంటే, దాన్ని మాత్రం ఏసమ్మ ఎత్తుకుని పోయింది. అది ఆమె దగ్గర ఉండనివ్వకూడదు. ఇంకేమీ తోచలేదు నాకు, ఈ ఒక్కటి తోచింది.

ఆళ్లగడ్డ కల్యాణ మండపంలో మీటింగు. వచ్చినామె ఢిల్లీ నుంచి, పక్కన తెలుగు చెప్పడానికి ఒక అమ్మాయి. నేను పట్టుచీరలో ముందు వరసలో కూర్చున్నాను. ఏసమ్మ వస్తుందనుకోలేదు. వెనక గోడ దగ్గర, కొంగు ఎడమ కంటి మీదికి లాక్కుని కూర్చుని ఉంది. అర్జీ ఇవ్వడానికి వచ్చినట్టు లేదు. తన ఊరి గురించి ఏం చెప్తారో విందామని వచ్చినట్టుంది.

ఈ సర్వే ఎవరు చేశారని అడిగింది ఢిల్లీ ఆమె. మా ఆయన లేచి చెప్పాడు. పదిహేను ఊళ్ళు, పన్నెండు రోజులు, ఇల్లిల్లూ తిరిగామని. బొగ్గు పొగ సంగతి, పైరు తాగిన గాలి సంగతి, అన్నీ నేను చెప్పిన మాటలతోనే చెప్పాడు. ఒక్క తప్పు లేదు. ఆమె తల ఊపి రాసుకుని, నావైపు చూసి నవ్వింది. మీరేం చేస్తుంటారని అడిగింది.

"మా మిసెస్ మేడమ్" అన్నాడు ఆయన. "ఏమీ చెయ్యదు. ఇంట్లోనే ఉంటాది."

లేచాను.

"చేసినా మేడమ్" అన్నాను. ముందు వరస దాటి వినపడి ఉండదు. "ఆ పట్టిక నేనే చేసినా. అందులో మిగులు అని ఉండేదంతా మా ఊరి ఆడోళ్ళ పొయ్యిలో కాలేది. వాళ్ళు పొయ్యి గురించే చెప్పినారు. తెలిసి తెలిసి దాన్ని మిగులు అని రాసింది నేను. ఆ పాపం వాళ్ళది గాదు."

మా ఆయన కూర్చోమని నా కొంగు పట్టుకుని లాగాడు. పట్టుచీర కదా, చేతిలో నిలవక జారిపోయింది. తెలుగు చెప్పే అమ్మాయి పెన్ను పట్టుకుని, కొంచెం నిదానంగా, మొదటి నుంచి మళ్ళీ చెప్పమంది.

నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. మొదటి నుంచి చెప్పాను, ఈసారి వెనక గోడ దాకా వినపడేట్టు.